వెనిగర్ పోశాక గరిటె పెట్టొద్దు.. ఫిలిప్పీన్స్ స్పెషల్ పోర్క్ అడోబో ఇంట్లోనే ఇలా చేసుకోండి

ఫిలిప్పీన్స్‌లో ఏ ఇంటికి వెళ్లినా కనిపించే కూర అడోబో. పంది మాంసాన్ని వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకుతో సన్నని సెగపై ఉడికిస్తారు. మసాలా పొడులు అక్కర్లేదు, ఉల్లి, టమాటా లేకపోయినా ఫర్వాలేదు. మెడిసిన్ చదవడానికి అక్కడికి వెళ్లే మన తెలుగు విద్యార్థులకూ ఈ పేరు పరిచయమే. చూడ్డానికి సింపులే.. కానీ వెనిగర్ దగ్గర పొరపాటు జరిగితే కూర మొత్తం పాడవుతుంది.

పేరు స్పెయిన్‌ది.. వంట స్థానికులది

స్పానిష్‌లో 'అడోబార్' అంటే మాంసాన్ని పులుపు, మసాలాల్లో నానబెట్టడం. అయితే స్పెయిన్ వాళ్లు రాకముందే ఫిలిప్పీన్స్ ప్రజలు మాంసాన్ని వెనిగర్, ఉప్పుతో వండేవారు. వేడి వాతావరణంలో తొందరగా పాడవకుండా ఉండేందుకే ఈ పద్ధతి. మనం పచ్చళ్లకు ఉప్పు, పులుపు దట్టించినట్టే అన్నమాట. 1613లో పెడ్రో డి సాన్ బ్యూనావెంచురా అనే స్పానిష్ మత ప్రచారకుడు తన తగలాగ్ నిఘంటువులో దీన్ని 'స్థానికుల అడోబో'గా రాశారు. సోయా సాస్ చైనా వ్యాపారుల ద్వారా వచ్చింది. అది లేకుండా ఉప్పుతో చేసే తెల్ల అడోబో ఇప్పటికీ ఉంది.

కావాల్సినవి (నలుగురికి)

* కొవ్వు, కండ కలిసిన పంది పొట్ట భాగం - 1 కిలో, పెద్ద ముక్కలుగా
* వెనిగర్ - అర కప్పు
* సోయా సాస్ - అర కప్పు (డార్క్ సోయా అయితే పావు కప్పు చాలు)
* వెల్లుల్లి - 1 పెద్ద గడ్డ, రెబ్బలు చితక్కొట్టాలి
* మిరియాలు - 1 టీస్పూన్
* బిర్యానీ ఆకులు - 3
* నూనె - 2 టీస్పూన్లు, నీళ్లు - ఒకటిన్నర కప్పు, చక్కెర - 1 టీస్పూన్ (ఇష్టమైతేనే)

వెనిగర్ ఏది కొనాలి?

అక్కడ కొబ్బరి, చెరకు, తాటి జాతి చెట్ల కల్లుతో చేసిన వెనిగర్ వాడతారు. మన దుకాణాల్లో చవగ్గా దొరికే వాటిలో చాలా సీసాలపై 'సింథటిక్' అని ఉంటుంది. దాని పులుపు మరీ ఘాటుగా తగులుతుంది. లేబుల్ చదివి, పులియబెట్టి చేసిన వెనిగర్ తీసుకోండి. గోవా కల్లు వెనిగర్ దొరికితే ఇంకా మంచిది.

తయారీ ఇలా..

1. ముక్కలకు సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు పట్టించి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి.
2. నూనె వేడయ్యాక ముక్కలను మాత్రమే తీసి, అంచులు ఎర్రబడేదాకా వేయించాలి.
3. మిగిలిన సాస్, నీళ్లు, బిర్యానీ ఆకులు వేసి మరిగించాలి. మూత పెట్టి సన్నని సెగపై 40 నిమిషాలు ఉడికించాలి.
4. ఇప్పుడు వెనిగర్ పోయాలి. మూత పెట్టొద్దు, గరిటె పెట్టొద్దు. 10 నిమిషాలు అలాగే మరగనివ్వాలి. పచ్చి వెనిగర్ ఘాటు ఆవిరితో పోతుందని ఫిలిప్పీన్స్ ఇళ్లలో తప్పకుండా పాటించే నియమం ఇది.
5. తర్వాత కలిపి, ముక్క మెత్తబడి, పులుసు చిక్కబడి, కొవ్వు పైకి తేలేదాకా ఉడికించాలి. చక్కెర వేసేవాళ్లు ఇక్కడే వేయాలి. ఉప్పు చివర్లో రుచి చూశాకే.. సోయా సాస్‌లో ఇప్పటికే చాలా ఉంటుంది.

ఈ జాగ్రత్తలు మస్ట్

పంది మాంసం సరిగా ఉడక్కపోతే నులిపురుగుల ముప్పు ఉంటుంది. ముక్క కోసి చూస్తే లోపల ఎక్కడా పచ్చిగా ఉండకూడదు. పులుపు ఎక్కువ కాబట్టి అల్యూమినియం గిన్నె వద్దు.. స్టీలు గిన్నె గానీ మట్టి కుండ గానీ వాడాలి. బీపీ ఉన్నవాళ్లు సోయా సాస్ తగ్గించుకోవాలి.

ఒక్కో ఊళ్లో ఒక్కో రుచి

బికోల్ ప్రాంతంలో కొబ్బరి పాలు పోస్తారు. బతాంగస్‌లో సోయాకు బదులు పసుపు వేస్తారు. 2021లో అక్కడి వాణిజ్య, పరిశ్రమల శాఖ అడోబోకు ఒక ప్రామాణిక పద్ధతి తెస్తామంటే జనం మండిపడ్డారు. మా అమ్మ వంటకు ప్రభుత్వం రూల్ పెట్టడమేంటన్నది వాళ్ల వాదన. చివరికి అది తప్పనిసరి కాదని శాఖే వివరణ ఇచ్చింది.

పోర్క్ తినని వాళ్లు ఇదే పద్ధతిలో చికెన్‌తో చేసుకోవచ్చు. మొదట ఉడికించే సమయం 20 నిమిషాలకు తగ్గిస్తే చాలు. వేడి వేడి తెల్లన్నంలోకి బాగుంటుంది. మిగిలితే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లోపు తినేయండి.. ముక్కకు పులుపు బాగా పట్టి మర్నాడు రుచి ఇంకా పెరుగుతుంది.