మెదడులో పిల్లి: లూచో ఫుల్చి తన మీద తానే తీసుకున్న హారర్ సినిమా

ఈరోజు ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతులు కోసే సీన్లు రాసి, షూట్ చేసి, మళ్లీ ఎడిటింగ్ టేబుల్ మీద వాటినే పదేపదే చూసే మనిషికి రాత్రి నిద్ర పడుతుందా? ఇది నేను ఊరికే అడుగుతున్న ప్రశ్న కాదు. 1990లో ఇటలీలో ఒక డైరెక్టర్ ఈ ప్రశ్న మీదే సినిమా తీశాడు. హీరో పాత్ర కూడా తానే వేశాడు. ఆ పాత్రకి తన సొంత పేరే పెట్టుకున్నాడు. ఆయన పేరు లూచో ఫుల్చి, సినిమా పేరు 'ఉన్ గాట్టో నెల్ చెర్వెల్లో'. అంటే 'మెదడులో ఒక పిల్లి'.

ముందే చెప్తున్నా, క్లైమాక్స్‌తో సహా కథ మొత్తం చెప్పేస్తాను. ఇంకో మాట, ఇది చాలా రక్తం ఉన్న సినిమా. సున్నితమైన మనసు ఉన్నవాళ్లు ఈ ఎపిసోడ్ వింటే చాలు, సినిమా చూడక్కర్లేదు.

మొదటి సీన్ ఇలా ఉంటుంది. ఫుల్చి టేబుల్ దగ్గర కూర్చుని కొత్త స్క్రిప్ట్ కోసం మనుషుల్ని ఎన్ని రకాలుగా చంపొచ్చో గొణుక్కుంటూ ఉంటాడు. కెమెరా మెల్లగా తల పైనుంచి లోపలికి వెళ్తుంది. లోపల ఒక పిల్లి ఆయన మెదడుని పీక్కుని తింటూ ఉంటుంది. అది బొమ్మ అని మనకి స్పష్టంగా తెలిసిపోతుంది. అయినా విషయం అర్థమైపోతుంది.

తర్వాత భోజనానికి రెస్టారెంట్‌కి వెళ్తాడు. ప్లేట్‌లో మాంసం చూడగానే పొద్దున షూట్ చేసిన నరమాంసం సీన్ గుర్తొచ్చి ముద్ద దిగదు. ఎవరో రంపం మిషన్‌తో కట్టెలు కోస్తుంటే ఆ చప్పుడు తట్టుకోలేడు. చివరికి ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తాడు. ట్విస్ట్ అక్కడే ఉంది. ఆ డాక్టర్ ఈయన్ని హిప్నటైజ్ చేసి, బయటికి వెళ్లి తనే హత్యలు చేస్తూ, అవన్నీ ఫుల్చి చేశాడని ఫుల్చి చేతే నమ్మించడానికి చూస్తాడు. డాక్టర్ లాజిక్ చాలా సింపుల్. ఇలాంటి సినిమాలు తీసేవాడు నిజంగా హత్యలు చేశాడంటే నమ్మనిదెవరు?

ఈ లాజిక్ ఫుల్చి ఊహించి రాసుకున్నది కాదు. ఆయన జీవితంలో ఎదురైందే. అందుకే కొంచెం వెనక్కి వెళ్దాం.

ఫుల్చి 1927లో రోమ్‌లో పుట్టాడు. మెడిసిన్ చదివి, అటునుంచి సినిమా వైపు వచ్చి, రోమ్‌లోని ఫిల్మ్ స్కూల్‌లో చేరాడు. మొదట్లో ఆయన పనంతా కామెడీలే. 1959లో డైరెక్టర్‌గా తీసిన మొదటి సినిమాలో అప్పటి ఇటలీ కామెడీ కింగ్ టోటో నటించాడు. పాపులర్ సింగర్ అడ్రియానో చెలెంటానో పాడిన రాక్ పాటలకి లిరిక్స్ రాయడంలో కూడా ఈయన చెయ్యి ఉంది. హారర్ కంటే ముందు ఇంత కెరీర్ ఉంది ఆయనకి.

1971లో 'బల్లి చర్మంలో స్త్రీ' అనే అర్థం వచ్చే ఒక థ్రిల్లర్ తీశాడు. అందులో ల్యాబ్‌లో పొట్టలు కోసి ఉన్న కుక్కల సీన్ ఒకటి ఉంటుంది. అది ఎంత నిజంగా కనిపించిందంటే, నిజమైన కుక్కల్ని హింసించారని కేసు పెట్టారు. ఆ సీన్‌కి ఎఫెక్ట్స్ చేసిన కార్లో రంబాల్డి ఆ బొమ్మల్ని చూపించి అవి నకిలీవని నిరూపిస్తే తప్ప ఫుల్చి బయటపడలేదు. తర్వాత 'ఏలియన్', 'ఈటీ' సినిమాలకి ఆస్కార్లు గెలిచింది ఈ రంబాల్డినే. ఒకసారి ఆలోచించండి. పని బాగా చేసినందుకే కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

1979లో 'జాంబీ 2' వచ్చింది. పక్కన 2 ఎందుకంటే, జార్జ్ రొమేరో తీసిన అమెరికన్ సినిమా ఇటలీలో 'జాంబీ' పేరుతో రిలీజై బాగా ఆడింది. ఆ ఊపు వాడుకుందామని దీనికి సీక్వెల్ పేరు తగిలించారు. కథకి, దానికి సంబంధమే లేదు. కానీ సినిమా ప్రపంచమంతా తిరిగింది. ఆ తర్వాత 1980, 81ల్లో వరుసగా 'సిటీ ఆఫ్ ది లివింగ్ డెడ్', 'ది బియాండ్', 'ది హౌస్ బై ది సెమెటరీ' వచ్చాయి. ఫుల్చి పేరు రక్తానికి మారుపేరైంది.

సరిగ్గా అప్పుడే బ్రిటన్‌లో వీడియో క్యాసెట్లు ఇళ్లలోకి వచ్చాయి. పిల్లలు పాడైపోతున్నారు, ఈ సినిమాలు చూసి జనం హింసకి అలవాటు పడుతున్నారు అని పేపర్లలో, పార్లమెంట్‌లో పెద్ద గోల జరిగింది. 'వీడియో నాస్టీస్' అని లిస్టులు తయారయ్యాయి. మొత్తం 72 సినిమాల పేర్లు వాటిలోకి ఎక్కాయి. అందులో మూడు ఫుల్చివి. 1984లో ఇళ్లలో చూసే క్యాసెట్లకి కూడా సర్టిఫికెట్ ఉండాలని ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు. సినిమాలో డాక్టర్ పట్టుకున్న పాయింట్ కూడా ఇదే: తెర మీద హింస చూస్తే మనిషి హింస చేస్తాడు.

ఇక రెండో కథ డబ్బుది. దీన్ని వదిలేస్తే ఈ సినిమా అర్థం కాదు. 1976లో ఇటలీ రాజ్యాంగ కోర్టు తీర్పుతో ప్రైవేట్ లోకల్ టీవీలకి దారి తెరుచుకుంది. ఇంట్లో కూర్చుంటే ఫ్రీగా సినిమా మీద సినిమా వస్తోంది. ఇక థియేటర్‌కి ఎవరెళ్తారు? 1975లో ఇటలీలో 50 కోట్లకి పైగా సినిమా టికెట్లు అమ్ముడయ్యాయి. 1990 నాటికి ఆ లెక్క 10 కోట్ల లోపుకి పడిపోయింది. ఫుల్చి లాంటి వాళ్లు పనిచేసే చిన్న బడ్జెట్ మార్కెట్ కుప్పకూలింది. ఆపైన ఆయనకి లివర్ జబ్బు. 1988లో 'జాంబీ 3' మధ్యలోనే వదిలేస్తే, బ్రూనో మట్టేయి అనే ఇంకో డైరెక్టర్ పూర్తి చేశాడు.

ఆ రోజుల్లో 'లూచో ఫుల్చి సమర్పించు' అనే లేబుల్‌తో కొన్ని చవక హారర్ సినిమాలు వచ్చాయి. కొన్ని ఆయనే తీశాడు, మిగతావి వేరేవాళ్లు తీశారు. 'మెదడులో పిల్లి' సినిమాలో కనిపించే హత్యల్లో చాలా భాగం ఈ పాత సినిమాల నుంచి కత్తిరించి తెచ్చినవే. మా ఐటీ భాషలో చెప్పాలంటే, పాత ప్రాజెక్టుల కోడ్ కాపీ చేసి, పైన ఒక కొత్త ఫైల్ రాసి, అన్నిటినీ అతికించి రిలీజ్ చేసినట్టు.

మరి అతుకు ఎలా కుదిరింది? సినిమా చరిత్రలో కులెషోవ్ ఎఫెక్ట్ అని ఒకటుంది. సుమారు వందేళ్ల కింద రష్యాలో లెవ్ కులెషోవ్ చూపించిన విషయం అది. ఒకే ముఖం షాట్ పక్కన సూప్ గిన్నె పెడితే ఆకలి కనిపిస్తుంది, శవపేటిక పెడితే బాధ కనిపిస్తుంది. ముఖం మారదు, మన బుర్ర అర్థాన్ని కలుపుకుంటుంది. ఫుల్చి చేసింది అదే. ఎక్కడో ఎవరో తీసిన హత్య షాట్, వెంటనే కళ్లు పెద్దవి చేసి చూస్తున్న ఫుల్చి ముఖం. అంతే, అది ఆయన పీడకల అయిపోయింది.

దీన్ని రెండు రకాలుగా చూడొచ్చు. ఒకటి, ఇది డబ్బుల్లేక చేసిన జుగాడ్. అది నిజమే. ఫ్రేమ్ క్వాలిటీ షాట్‌కి షాట్‌కి మారిపోతుంటుంది, కథ చాలాచోట్ల సాగుతుంది. రెండోది, ఆ జుగాడే సినిమాకి ప్రాణం. తన పని తననే తరుముతోందని చెప్పే సినిమాలో, తరిమేవి నిజంగా తన పేరు మీద ఉన్న పాత సినిమాల ముక్కలే. 1963లో ఫెల్లినీ '8½' తీసినప్పుడు ఆయన డైరెక్టర్ హీరో సమస్య ఏమిటంటే, ఏ సినిమా తీయాలో తోచకపోవడం. ఫుల్చి హీరో సమస్య దానికి రివర్స్. తీసినవి వదలకపోవడం.

అలాగని ఫుల్చిని పూర్తిగా వెనకేసుకు రావడం నాకు ఇష్టం లేదు. ఆయన సినిమాల్లో, ముఖ్యంగా 1982 నాటి 'న్యూయార్క్ రిప్పర్'లో, ఆడవాళ్ల మీద హింసని కెమెరా చూసే తీరు మీద వచ్చిన విమర్శలో బలం ఉంది. ఈ సినిమాలో కూడా చచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. "ఇది ఎందుకు తీశావు" అని డైరెక్టర్‌ని అడగొచ్చు, అడగాలి. కానీ "ఇది తీశావు కాబట్టి నువ్వు హంతకుడివి" అనడం వేరే మాట. ఈ రెండిటి మధ్య తేడా చెరిపేస్తే ఏం జరుగుతుందో ఈ కథలో డాక్టర్ మనకి చూపిస్తాడు. రక్తం సీన్లు తీసేవాడు మాంసం ముక్క తినలేకపోతున్నాడు. సూటు వేసుకుని, మర్యాదగా మాట్లాడి, హింస గురించి క్లాస్ పీకే పెద్దమనిషి కత్తి పట్టుకుని తిరుగుతున్నాడు.

చివర్లో డాక్టర్ చస్తాడు, ఫుల్చి నిర్దోషి అని తేలుతుంది. తర్వాత పడవలో ఒక అమ్మాయితో కనిపిస్తాడు. ఆ అమ్మాయిని చంపి, వేళ్లని గాలానికి ఎరగా గుచ్చుతున్నట్టు చూపిస్తారు. మనం అయ్యో అనుకునేలోపే అది షూటింగ్ అని తెలుస్తుంది. అమ్మాయికి ఏమీ కాలేదు. ఫుల్చి నవ్వుకుంటూ పడవలో వెళ్లిపోతాడు. అంటే, ఆఖరి క్షణంలో మనం కూడా ఆయన్ని అనుమానించాం. డాక్టర్ లాజిక్‌లో మనమూ పడ్డాం.

1996 జనవరిలో న్యూయార్క్‌లో హారర్ అభిమానుల సభకి ఫుల్చి జబ్బు శరీరంతోనే వెళ్లాడు. తన సినిమాల్ని అక్కడ అంతమంది ప్రేమిస్తున్నారని చూసి ఆశ్చర్యపోయాడు. అదే ఏడాది మార్చి 13న చనిపోయాడు. డారియో అర్జెంటోతో కలిసి ప్లాన్ చేసిన 'వ్యాక్స్ మాస్క్' సినిమాని తర్వాత సెర్జియో స్టివలెట్టి పూర్తి చేశాడు. 1998లో 'ది బియాండ్'ని అమెరికా థియేటర్లలో మళ్లీ రిలీజ్ చేయడంలో క్వెంటిన్ టరాంటినో కంపెనీ భాగమైంది. అది చూడటానికి మాత్రం ఆయన లేడు.

ఇప్పుడు మన ఫోన్లలో ఇదే వాదన రోజూ నడుస్తోంది. ఒక గేమ్, ఒక వెబ్ సిరీస్, ఒక పాట పేరు చెప్పి "ఇదే చెడగొట్టింది" అంటారు. ఈసారి ఆ మాట విన్నప్పుడు వెంటనే అవుననో కాదనో అనకండి. ఒక్క నిమిషం ఆగి, ఆ మాట అంటున్నది ఎవరు, దానివల్ల వాళ్లకి ఏం కలిసొస్తుంది అని చూడండి. ఈ కథలో అసలు హంతకుడు దొరికేది అక్కడే.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు.