మెట్ట సేద్యం, కుంగిన వోల్టేజీ

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విద్యుత్తు చరిత్ర అక్కడి భూగర్భజల చరిత్రలో అంతర్భాగం. కృష్ణానది ఈ సీమను ఒరుసుకొని పారుతున్నా, 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నీరు ఇక్కడ చాలావరకు ఎడమ కాలువ ఆయకట్టుకే పరిమితం కావడంతో, ఎగువనున్న గ్రామాలు గ్రానైటును తొలిచిన బోరుబావులనే ఆశ్రయించవలసి వచ్చింది. నీటిమట్టం దిగినకొద్దీ మోటార్ల హార్స్‌పవర్ పెరిగింది. 2004లో వచ్చిన ఉచిత విద్యుత్తు రైతుకు బిల్లు భారం తప్పించింది గాని, తీగలపై, ట్రాన్స్‌ఫార్మర్లపై పడిన భారాన్ని తప్పించలేదు.

415 వోల్టులు ఉండవలసిన త్రీఫేజ్ సరఫరా పొడవాటి లైన్ల చివర కుంగిపోయేది. అంతే లోతు నుంచి నీటిని ఎత్తవలసిన మోటారు, వోల్టేజీ తగ్గినప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటు వర్గానుపాతంలో వేడి పెరిగి వైండింగ్ కాలిపోతుంది. రాత్రివేళ ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు కోసం రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. దాంతో కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కుమ్మడిగా, మామూలు కన్న అయిదారు రెట్ల కరెంటుతో లేచి, వోల్టేజీని మరింత కుంగదీశాయి. ఇందుకు రైతునొక్కణ్ణే తప్పుపట్టడం అన్యాయం. సరఫరా వ్యవస్థనొక్కదాన్నే నిందించడం అసమగ్రం.

సెల్‌ఫోన్‌తో నడిచే స్టార్టర్లు వచ్చాక ఈ సమస్య స్టార్టర్ డబ్బాలోని సర్క్యూట్‌కూ పాకింది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దించి ఇచ్చే వోల్టేజీ లైనుతో పాటే కుంగుతుంది. 7805 వంటి పాత రెగ్యులేటరు 5 వోల్టులు నిలకడగా ఇవ్వాలంటే దానికి దాదాపు 7 వోల్టులు అందాలి. లో డ్రాపౌట్ రెగ్యులేటరుకు అర వోల్టో, అంతకన్న తక్కువో అదనంగా ఉంటే చాలు. ఇంజిన్ స్టార్టు చేసేటప్పుడు బ్యాటరీ కుంగే వాహనాలలో అక్కరకొచ్చిన ఈ విద్య, లో వోల్టేజీ పల్లెలకూ తగినదే. అయితే అది లేని వోల్టేజీని పుట్టించలేదు. మిగులును వేడిగా వదులుతుంది. పిడుగుపాటుకు పోటెత్తే వోల్టేజీని తట్టుకోవడానికి దాని ముందు వేరే రక్షణ ఉండాలి.

2017 జూలైలో ఉమ్మడి నల్లగొండతో సహా కొన్ని జిల్లాలలో ప్రయోగాత్మకంగా, 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతటా సేద్యానికి 24 గంటల విద్యుత్తు మొదలైనప్పుడు, ఆటోస్టార్టర్లు తొలగించాలని ప్రభుత్వం కోరింది. సరఫరాకు వేళ లేనందువల్ల పుట్టిన పరికరం, సరఫరా నిలకడగా ఉన్నచోట అనవసరమైంది. అదే సమయంలో, ఎడతెగని కరెంటు భూగర్భజలాన్ని మరింత తోడివేస్తుందన్న భయమూ నిరాధారం కాదు. రెగ్యులేటరు ఒక్కొక్క సర్క్యూట్‌ను కాపాడుతుంది. ఊరి మోటార్లను కాపాడవలసింది మాత్రం ఉమ్మడి లైను సామర్థ్యమూ, దాన్ని పంచుకొనేవారి సంయమనమూ.