కెన్సింగ్టన్: రాజనివాసం, రాజభూమి

పశ్చిమ లండన్‌లోని కెన్సింగ్టన్ బ్రిటన్‌లో అత్యంత ఖరీదైన పేటల్లో ఒకటి. మూడో విలియం రాజు ఇక్కడ కాపురం పెట్టడం వల్లే ఈ కలిమి వచ్చిందని సాధారణంగా చెబుతారు. అందులో సగమే నిజం. విలియంకు ఉబ్బసం. థేమ్స్ ఒడ్డున ఉన్న వైట్‌హాల్ భవనంలో చెమ్మ, పొగ పడక 1689లో ఆయన, రాణి రెండో మేరీ నాటింగ్‌హామ్ హౌస్‌ను కొని, క్రిస్టఫర్ రెన్ చేత పెద్దది చేయించారు. చీకటిపడ్డాక దొంగల భయం లేకుండా హైడ్ పార్కు బాట పొడవునా 300 నూనె దీపాలు పెట్టించారు. రాజు వెంట కొలువు, కొలువు వెంట ఇళ్లకు గిరాకీ వచ్చాయి. కెన్సింగ్టన్ స్క్వేర్ 1685లోనే మొదలైంది కదా అనవచ్చు. నిజమే, కానీ దానికి ఊపు వచ్చింది ఆస్థానం పక్కకు చేరాకే.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. రెండో జార్జ్ 1760లో ఈ భవనంలోనే చనిపోయాడు. ఆ తర్వాత ఏ రాజూ ఇక్కడ నివసించలేదు. అయినా పేట సిరి విరగబూసింది పంతొమ్మిదో శతాబ్దంలో. దీనికి జవాబు రాజు మనిషిగా ఎక్కడున్నాడన్న దానిలో కాదు, రాచభూమిలో దొరుకుతుంది. భవనం కాయగూరల తోటలను ఇళ్ల స్థలాలుగా లీజుకివ్వడానికి 1841లో పార్లమెంటు చట్టం చేసింది. అలా వెలిసిందే నేటి కోటీశ్వరుల వీధి, కెన్సింగ్టన్ ప్యాలెస్ గార్డెన్స్. రాజభవనం పొరుగు అన్న పేరు ఒక్కటే ఇళ్లను అమ్మిపెట్టలేదు: అక్కడి ప్రధాన నిర్మాణదారు బ్లాష్‌ఫీల్డ్ 1847లో దివాలా తీశాడు. వీధి నిలదొక్కుకోవడానికి మరికొన్నేళ్లు పట్టింది. దక్షిణాన కూడా భూమే కథ నడిపింది. మన కొల్లూరు గనిదని చెప్పుకునే కోహినూరును చూడ్డానికి జనం ఎగబడిన 1851 మహాప్రదర్శనలో 1,86,000 పౌండ్లు మిగిలాయి. విక్టోరియా భర్త ఆల్బర్ట్ పూనికతో ప్రదర్శన కమిషన్ ఆ సొమ్ము ఆధారంగా 87 ఎకరాలు కొంది. మ్యూజియాలు, కళాశాలలు, ఆల్బర్ట్ హాల్ లేచింది ఆ నేల మీదే.

రాచభూముల ఆదాయాన్ని మూడో జార్జ్ 1760లోనే పార్లమెంటుకు వదులుకున్నాడు కాబట్టి ఇది రాజుతో బంధమే కాదని వాదించవచ్చు. వ్యక్తితో కాకపోయినా కిరీటంతో బంధమే. ప్యాలెస్ గార్డెన్స్‌లో స్థలాలు నేటికీ చాలావరకు క్రౌన్ ఎస్టేట్‌వే. రాయబార కార్యాలయాలూ, కుబేరులూ లీజుదారులే. ఇక 1901లో దక్కిన ‘రాయల్ బరో’ హోదా, ఈ భవనంలో పుట్టిన విక్టోరియా కోరిక ప్రకారం ఎడ్వర్డ్ రాజు ఇచ్చింది. అప్పటికే పేట సంపన్నమై చాలాకాలమైంది.