పళ్లు తోమించడానికి కూడా చట్టం కావాలా? అమెరికా నర్సింగ్ హోమ్‌ల కథ

మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేట్ హాస్పిటల్. అమెరికాలో అలా కాదు. సొంతంగా లేవలేని పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఉండే చోటు అది. పళ్లు తోమడం, స్నానం, గోళ్లు తీయడం, తడిసిన బట్టలు మార్చడం, అన్నీ ఇంకొకరు చేయాల్సిందే.

ఈ కథ 1935లో మొదలైంది. ఆ ఏడాది వచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం పేద వృద్ధులకు డబ్బు సాయం ఇచ్చింది. కానీ ప్రభుత్వం నడిపే పేదల ఆశ్రమాల్లో ఉంటే ఆ డబ్బు రాదు. దాంతో ప్రైవేట్ హోమ్‌లు పెరిగాయి. 1965లో మెడికెయిడ్ వచ్చాక ఇది పెద్ద వ్యాపారమైపోయింది.

మరి తనిఖీలు లేవా? ఉన్నాయి. కానీ బిల్డింగ్ చూశారు, ఫైళ్లు చూశారు. సర్వర్ రూమ్‌లో ఏసీ బాగుందని రాసుకుని, యాప్ ఓపెన్ అవుతుందో లేదో చూడకుండా వెళ్లిపోయినట్టు!

1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ రిపోర్ట్ ఈ లోపాన్ని బయటపెట్టింది. 1987 డిసెంబర్‌లో రీగన్ సంతకంతో కొత్త చట్టం వచ్చింది. సహాయకులకు కనీసం 75 గంటల ట్రైనింగ్, చెప్పకుండా తనిఖీలు, అక్కడ ఉండేవాళ్లతోనే మాట్లాడటం. తన పని తాను చేసుకోలేని మనిషికి శుభ్రత, నోటి శుభ్రతతో సహా, అందించి తీరాలన్నది నిబంధన అయింది. తప్పితే ఇప్పుడు ఎఫ్ 677 అనే కోడ్ పడుతుంది.

ఆ కోడ్ ఇప్పటికీ పడుతూనే ఉంది. ఎందుకంటే పొద్దున్నే అందరూ ఒకేసారి లేస్తారు, చేసే చేతులు తక్కువ. ముందు ఆగిపోయేది పళ్లు తోమడమే. అది చిన్న విషయం కాదు. నోట్లోని బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. తడి బట్టల్లో వదిలేస్తే చర్మం పుండ్లు పడుతుంది.

2024లో ఒక్కొక్కరికి రోజుకి కనీసం 3.48 గంటల నర్సింగ్ సేవ ఉండాలని రూల్ తెచ్చారు. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది.

మా నాయనమ్మ మంచాన పడ్డప్పుడు, అమ్మ ఊరెళ్తే ఒకరోజు ఆ పనులన్నీ నేనే చేశా. స్నానానికే ముప్పావు గంట పట్టింది. అప్పుడర్థమైంది, ఇక్కడ జాలి ఒక్కటే సరిపోదు, టైమ్ కావాలి. ఆ టైమ్‌కి జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి.

మీకు తెలిసినవాళ్లు ఎవరైనా వృద్ధాశ్రమంలో ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు పళ్లతో పాటు కాస్త వాళ్ల గోళ్లు కూడా చూడండి. పళ్లంటే తినే పళ్లు కాదు ఫ్రెండ్స్. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.