పేరులో నిలిచిన పొలిమేర: గ్వీడోర్ పారిష్‌లో భూమి, కౌలుదార్లు, స్థలనామాలు

ఉపోద్ఘాతం

ఐర్లండు వాయవ్య తీరంలో, డానిగాల్ కౌంటీలో, అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఆనుకొని ఉన్న ప్రాంతం గ్వీడోర్. పాత రికార్డుల ప్రకారం ఇది కిల్‌మాక్రెనన్ బారనీకి చెందిన టల్లహోబెగ్లీ పారిష్‌లో పడమటి భాగం. ఇక్కడ సాగుకు అనువైన నేల తక్కువ. తీరం వెంబడి సన్నని ఇసుకనేల, దాని వెనుక రాతిగుట్టలు, ఆపైన బురదనేల, కొండలు విస్తరించి ఉంటాయి. ఆ బురదనేలను కోసి, ఎండబెట్టి వంటచెరకుగా వాడుకోవడం అక్కడి అలవాటు. జనుల భాష ఐరిష్. భూస్వాముల లెక్కలు, ప్రభుత్వ పత్రాలు మాత్రం ఇంగ్లీషులో నడిచేవి.

19వ శతాబ్దంలో ఈ పారిష్‌ను గురించి పుట్టిన పత్రాలు తక్కువేమీ కావు. 1837 నాటి విజ్ఞప్తి, 1830లలోని భూసర్వే పటాలు, 1845లో భూస్వామి ప్రకటించిన పుస్తకం, 1858లో పార్లమెంటు విచారణ వీటిలో ముఖ్యమైనవి. అయితే ఇవన్నీ బయటివారి కోసం రాసినవి, లేదా బయటివారే రాసినవి. నేలను దున్నినవారు ఆ నేలను ఎలా లెక్కించుకున్నారో ఇవి నేరుగా చెప్పవు. ఆ లెక్కకు మిగిలిన ఆధారాల్లో స్థలనామాలు ప్రధానమైనవి. పై పత్రాలను స్థలనామాలతో కలిపి చదివితే, పత్రాలు బీడుగా, అస్తవ్యస్తంగా చూపిన నేల వెనుక ఒక వినియోగక్రమం ఉన్నట్లు తెలుస్తుందని ప్రతిపాదించడం ఈ వ్యాసోద్దేశం.

పారిష్, టౌన్‌లాండ్

పారిష్ మొదట చర్చి పరిధిని సూచించే మాట. కాలక్రమంలో అది పన్నుల లెక్కలకు, జనాభా గణనకు ఆధారమైన పరిపాలనా విభాగంగా మారింది. పారిష్ లోపలి అతి చిన్న విభాగం టౌన్‌లాండ్. ఐర్లండు మొత్తం మీద ఇవి 60,000కు పైగా ఉన్నాయి. పేరులో ‘టౌన్’ ఉన్నా ఇది పట్టణం కాదు, ఇళ్ల గుంపు కూడా కాదు. పేరు, పొలిమేరలు గల భూభాగం. ఒక టౌన్‌లాండ్‌లో పది కుటుంబాలు ఉండవచ్చు, ఒక్క ఇల్లు కూడా లేకపోవచ్చు. కౌలు ఒప్పందాలు, పన్నులు, వ్యక్తుల చిరునామాలు అన్నీ దీని పేరు మీదనే నడిచాయి. అందువల్ల ఐరిష్ గ్రామీణ చరిత్రలో స్థలనామం కేవలం భాషావిషయం కాదు. అది భూమి హక్కుల పరిభాషలో భాగం.

ఉమ్మడి సాగు

గ్వీడోర్‌లో 1840ల వరకు ప్రబలంగా ఉన్న సాగుపద్ధతి రన్‌డేల్. దీనిలో ఒక టౌన్‌లాండ్‌ను కొన్ని కుటుంబాలు ఉమ్మడిగా కౌలుకు తీసుకునేవి. ఇళ్లన్నీ ఒకచోట గుంపుగా ఉండేవి. మంచి నేల, మధ్యరకం నేల, నాసి నేల అని విడదీసి, ప్రతి రకంలోనూ ప్రతి కుటుంబానికీ వాటా ఇచ్చేవారు. ఆ వాటాల మధ్య కంచెలు ఉండేవి కావు. కోతలు ముగిశాక పొలమంతా ఉమ్మడి మేతభూమి అయ్యేది. వెనుకనున్న కొండ కూడా వేసవిలో అందరి పశువులకూ మేతస్థలమే.

ఈ పద్ధతిలో వాటాను విస్తీర్ణంతో కాక, మేపగల పశువులతో కొలిచేవారు. ఆ కొలమానం పేరు ‘ఆవుమేత’, అంటే ఒక ఆవును పోషించగల నేల. నేల సారవంతమైతే ఆవుమేత విస్తీర్ణం తగ్గుతుంది, నిస్సారమైతే పెరుగుతుంది. ఐర్లండులో పలుచోట్ల ఆవుమేతలో నాలుగో వంతును ‘అడుగు’ లేదా ‘కాలు’ అనే అర్థమిచ్చే మాటతో పిలిచేవారు. ఆవుకు నాలుగు కాళ్లు గనుక ఒక కాలు నాలుగో వంతు. నాలుగో వంతును ‘కాలు’ అనే తెలుగు పాఠకుడికి ఈ లెక్క వింతగా తోచదు. ఎకరం నేల వైశాల్యాన్ని మాత్రమే చెబుతుంది. ఆవుమేత నేల శక్తిని చెబుతుంది.

వారసత్వం వల్ల వాటాలు మరింత చిన్నవయ్యాయి. అర ఎకరం పొలాన్ని 26 మంది పంచుకున్న ఉదంతాన్ని, ఒకే మనిషి వాటా 32 చోట్ల చెదిరి ఉన్న ఉదంతాన్ని ఆనాటి భూస్వామి లార్డ్ జార్జ్ హిల్ తన పుస్తకంలో పేర్కొన్నాడు. ముగ్గురు కలిసి ఒక గుర్రాన్ని ఉంచుకోగా, ముగ్గురూ ఒక్కొక్క కాలికి నాడా కొట్టించారనీ, నాలుగో కాలు ఎవరిదో తేలక గుర్రం పనికిరాకుండా పోయిందనీ ఆయన రాసిన కథ ప్రసిద్ధం. రన్‌డేల్ లోపాలు నిజమైనవే. తగవులు, పశువులు పైరు మేయడం, మెరుగుదలకు చోటు లేకపోవడం ఆ పద్ధతిని పీడించాయి. అయితే ఈ కథలు ఆ పద్ధతిని రద్దు చేసిన వ్యక్తి, తన చర్యను సమర్థించుకుంటూ చెప్పినవి అన్న సంగతిని పరిశోధకులు విస్మరించరాదు.

1837 విజ్ఞప్తి

పశ్చిమ టల్లహోబెగ్లీ బడి ఉపాధ్యాయుడు ప్యాట్రిక్ మకై 1837లో ఐర్లండులోని బ్రిటిష్ రాజప్రతినిధికి ఒక విజ్ఞప్తి పంపాడు. పారిష్ పేదరికాన్ని వర్ణించడానికి ఆయన విశేషణాలను ఆశ్రయించలేదు. వస్తువుల పట్టిక ఇచ్చాడు. పారిష్ మొత్తానికి ఒక బండి, ఒక నాగలి, 20 పారలు, 32 దంతెలు, 93 కుర్చీలు, 243 ముక్కాలిపీటలు ఉన్నాయని లెక్క చెప్పాడు. గడియారం ఒక్కటీ లేదన్నాడు.

ఈ పట్టిక కరుణ పుట్టిస్తుంది. అందుకోసమే అది రాయబడింది. సాయం చేయగల అధికారికి ఏ వస్తువులు తెలుసో వాటినే మకై లెక్కపెట్టాడు. ఆవుమేతలు, కొండమీది మేత, సముద్రపు నాచు ఏరుకునే తీరభాగాలు ఆ పట్టికలో లేవు. అవి ఆ అధికారి దృష్టిలో ఆస్తి కావు గనుక వాటిని చెప్పి ప్రయోజనం లేదు. జనులకు లేనిదాన్ని నమోదు చేసిన ఈ పత్రాన్ని హిల్ తన పుస్తకంలో చేర్చుకున్నాడు. సాయం కోరిన విజ్ఞప్తి ఆ విధంగా భూస్వామి సంస్కరణకు సాక్ష్యపత్రమైంది.

పటానికెక్కిన పేర్లు

ఇదే దశాబ్దంలో గ్వీడోర్‌కు మరొక లెక్క వచ్చింది. స్థానిక పన్నులను సరిచేయడానికి టౌన్‌లాండ్‌ల హద్దులు, విస్తీర్ణం తెలియాలని 1824లో ఐర్లండులో ఆర్డ్‌నెన్స్ సర్వే మొదలైంది. థామస్ కోల్బీ దానికి అధిపతి. మైలుకు ఆరు అంగుళాల కొలతతో సిద్ధమైన పటాలు 1846 నాటికి దేశమంతటికీ పూర్తయ్యాయి. పేర్ల పరిశీలన భారం 1830లో సర్వేలో చేరిన పండితుడు జాన్ ఒడోనవన్ మీద పడింది. ఆయన 1835లో డానిగాల్‌లో పర్యటించాడు. పాత పత్రాల్లోని రూపాలను సేకరించి, స్థానికుల నోట ఉచ్చారణ విని, ఐరిష్ మూలరూపాన్ని నిర్ణయించి, పటం మీద ముద్రించవలసిన ఇంగ్లీషు లిపిరూపాన్ని సూచించడం ఆయన పద్ధతి.

ఈ పనిలో లాభనష్టాలు రెండూ ఉన్నాయి. పేరుపుస్తకాల్లో నమోదైన ఐరిష్ రూపాలు లేకపోతే ఎన్నో పేర్ల అర్థం నేడు తేలేది కాదు. కానీ పటం మీద నిలిచింది ఇంగ్లీషు చెవికి అందిన ధ్వని మాత్రమే. ‘డెర్రీబెగ్’ అంటే చిన్న ఓక్ తోపు, ‘బన్‌బెగ్’ అంటే చిన్న నదీముఖం, ‘మాగెరాక్లోగర్’లోని తొలిభాగానికి మైదానమని అర్థం, ‘గోర్టహోర్క్’ అంటే ఓట్ల చేను. తీరానికి ఎదురుగా ఉన్న దీవుల్లో ‘ఇనిష్‌మీన్’ నడిమి దీవి, ‘ఇనిష్‌సిరర్’ తూర్పు దీవి. ‘గ్వీడోర్’ అనే పేరే సముద్రపు పాయ, నీరు అనే రెండు మాటల కలయిక. ఐరిష్ తెలిసినవాడికి ఇవి నేల వర్ణనలు; పటం మాత్రమే చూసేవాడికి అర్థంలేని ధ్వనులు.

మరొక సంగతి గమనార్హం. సర్వే టౌన్‌లాండ్ వరకే పేరును ఖాయం చేసింది. దాని లోపల ప్రతి మడికీ, గట్టుకూ, బండకూ జనులు వాడుకున్న చిన్న పేర్లలో అధికభాగం పటానికి ఎక్కలేదు. రన్‌డేల్‌లో వాటాను గుర్తించడానికి కంచె లేదు. ఆ చిన్న పేరే గుర్తు. అంటే హక్కును ఆచరణలో నిలిపిన పేర్లు కాగితానికి వెలుపల ఉండిపోయాయి.

పొలాల పునర్విభజన

డౌన్‌షైర్ మార్క్విస్ కుమారుడైన లార్డ్ జార్జ్ హిల్ 1838 నుంచి గ్వీడోర్‌లో భూములు కొనడం మొదలుపెట్టాడు. ఆయన లెక్క ప్రకారం ఆ ఎస్టేటు 23,000 ఎకరాలకు పైబడినది. జనం సుమారు 3,000. కౌలు చెల్లించేవారు సుమారు 700. ఆయన ఐరిష్ నేర్చుకున్నాడు, బన్‌బెగ్‌లో రేవు, దుకాణం ఏర్పరచాడు, వసతిగృహం కట్టించాడు. తన ఎస్టేటులో నివసించే భూస్వాములే అరుదైన ఆ కాలంలో ఇది చెప్పుకోదగ్గ విషయం.

ఆయన చేసిన ప్రధానకార్యం రన్‌డేల్ రద్దు. ప్రతి కౌలుదారుకూ నేల ఒకేచోట ఉండేటట్లు టౌన్‌లాండ్‌లను నిలువుపట్టీలుగా కొలిపించాడు. ఇళ్ల గుంపులు విడిపోయి ఎవరి పట్టీలో వారు ఇల్లు కట్టుకోవలసి వచ్చింది. ఇరుగుపొరుగుకు దూరమై ఒంటరిగా బ్రతకవలసి వస్తుందని జనులు తెలిపిన అభ్యంతరాన్ని హిల్ స్వయంగా నమోదు చేశాడు. 1845లో ‘ఫ్యాక్ట్స్ ఫ్రమ్ గ్వీడోర్’ అనే తన పుస్తకంలో ఈ మార్పును విజయంగా వర్ణించాడు. తగవులు తగ్గాయన్నది నిజం కావచ్చు. కానీ అంతకుముందు టౌన్‌లాండ్ లోపల వాటాలను పంచుకునే అధికారం కౌలుదార్ల సముదాయానిది. ఇప్పుడు గీత గీసే అధికారం భూస్వామి సర్వేయరుకు సంక్రమించింది. ఈ మార్పు ఫలితం పొలంలో కంటె కొండమీద స్పష్టంగా కన్పించింది.

కొండ ఎవరిది?

కౌలుదార్ల దృష్టిలో కొండమేత వాటాలో విడదీయరాని భాగం. భూస్వాముల దృష్టిలో కొండ తమ స్వాధీనంలోని బీడు. అంతవరకు మేపుకోనివ్వడం దయ మాత్రమే. 1850ల మధ్యకాలంలో గ్వీడోర్, దాని పక్కనున్న క్లాహనీలీ ప్రాంతాల భూస్వాములు విశాలమైన కొండభూములను స్కాట్లండు నుంచి వచ్చిన గొర్రెల పెంపకందార్లకు కౌలుకిచ్చారు. కౌలుదార్ల పశువులకు కొండదారి మూసుకుపోయింది. తరువాత గొర్రెలు పెద్దసంఖ్యలో కనబడకుండా పోయాయి. నష్టపరిహారాన్ని, అదనపు పోలీసుల ఖర్చును ప్రాంతీయుల మీద పన్నుగా వేశారు. ప్రజల దుస్థితిని గురించి మతాచార్యులు ప్రకటన చేయగా, 1858లో కామన్స్ సభ ఒక విచారణ సంఘాన్ని నియమించింది. దుస్థితి ఆరోపణలు నిలవవని ఆ సంఘం తేల్చింది.

విచారణలో పరిశీలించిన ఆధారాలు కౌలు లెక్కలు, సాక్షుల మాటలు. స్థలనామాలను ఎవరూ సాక్షులుగా పిలువలేదు. ఈ పారిష్‌లో ‘మీన్’ అనే తొలిపదం గల పేర్లు కన్పిస్తాయి: మీనాక్లాడీ, మీనాకూంగ్, మీన్‌లారా. డానిగాల్ ఐరిష్‌లో ‘మీన్’ అంటే కొండల నడుమ గడ్డి మొలిచిన చదునుభూమి, పశువులను మేపుకునే చోటు. పశువులతో పాటు కుటుంబాలు కూడా వేసవిలో మేతస్థలాలకు తరలిపోవడం ఐర్లండులో ప్రాచీనాచారం. గ్వీడోర్‌లో ఒకే కుటుంబానికి కొండమీద ఒకటి, తీరాన ఒకటి, దీవిలో ఒకటి, మొత్తం మూడు నివాసాలుండేవని హిల్ పుస్తకమే చెబుతుంది. హిల్ దీన్ని చపలత్వానికి నిదర్శనంగా చూపాడు. ‘మీన్’ పేర్లతో కలిపి చదివితే ఇదే వాక్యం కొండ, తీరం, దీవి మూడింటినీ కలుపుకొన్న జీవనక్రమానికి నిదర్శనమౌతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పేరు వినియోగాన్ని చెబుతుంది; చట్టబద్ధమైన హక్కును నిరూపించదు. పేరు పుట్టిన కాలాన్ని కూడా అది తనంతట తాను తెలుపదు. అయినా సర్వే పటంలోనే ‘మేతస్థలం’ అనే అర్థంగల పేర్లు ముద్రితమై ఉండగా, ఆ కొండను ఎవరికీ చెందని బీడుగా భావించడానికి ఆస్కారం లేదు. సర్వే శాఖ నమోదు చేసిన అర్థాన్ని, ఇరవై ఏళ్ల తరువాత అదే ప్రభుత్వం జరిపిన విచారణ చదవలేదు.

ముగింపు

భూమిపై తగవు 1858తో ముగియలేదు. 1880లలో గ్వీడోర్ కౌలుదార్ల పోరాటానికి కేంద్రమైంది. 1889 ఫిబ్రవరి 3న డెర్రీబెగ్‌లో మతాచార్యుడు జేమ్స్ మక్‌ఫాడెన్‌ను నిర్బంధించడానికి వచ్చిన పోలీసు అధికారి విలియం మార్టిన్ జనం చేతిలో హతుడయ్యాడు. 1881, 1903 సంవత్సరాల భూమి చట్టాలు మొదట కౌలును నియంత్రించి, ఆపై కౌలుదారు సొంతదారు కావడానికి దారి తెరిచాయి. పేర్ల విషయం మరో శతాబ్దం ఆగింది. ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లో స్థలనామాల ఐరిష్ రూపాలకే అధికారిక స్థానమిచ్చే ఉత్తర్వు 2005లో అమల్లోకి వచ్చింది.

గ్వీడోర్ ఉదాహరణ స్థలనామ పరిశోధనకు ఒక పద్ధతిని సూచిస్తుంది. పేరుకు వ్యుత్పత్తి చెప్పి ఆగిపోతే సరిపోదు. ఆ పేరు ఏ పత్రంలో, ఎవరి అవసరం కోసం నమోదైందో, అదే నేలను అదే కాలపు ఇతర పత్రాలు ఏమని పిలిచాయో పోల్చాలి. ఉపాధ్యాయుడు లేమిని లెక్కించాడు, సర్వే ఎకరాలను లెక్కించింది, భూస్వామి బకాయిలను, మెరుగుదలను లెక్కించాడు. ఆవుమేతలతో లెక్కించుకున్నవారు రాతపత్రం వదలలేదు. వారి లెక్కలో కొంతభాగం మాత్రం ‘మీన్’ వంటి మాటల్లో, దున్నినవారి భాషలోనే మిగిలి ఉంది.