మోటారు సైకిలులో కరెంటు: నాడు, నేడు



నంద్యాల మొదలు ఆళ్లగడ్డ దాకా ఏ వూరికి పోయినా మోటారు సైకిలు లేని సేద్యం అరుదు. ఎరువు మూట, మందు డబ్బా, పాల క్యాను అన్నీ దానిమీదనే. కయ్యకు నీళ్లు కట్టవలసిన రాత్రి, శనగకు మందు కొట్టవలసిన పొద్దున బండి కదలకపోతే పోయేది మెకానిక్కుకు యిచ్చే డబ్బు మాత్రమే కాదు, అదను కూడా పోతుంది. ఇంజను చక్కగా వుండి, కరెంటు అందక బండి ఆగిపోవడం తరచు జరిగేదే. ఆ కరెంటు కథ తెలిస్తే దాని జబ్బులు కనిపెట్టడం సులువు.

మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకొనే వీలున్న సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు. 1902లో జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీరు హోనోల్డ్ హైటెన్షను మాగ్నెటోను సిద్ధం చేశాడు. బ్యాటరీతో పనిలేకుండా, ఇంజను తిరుగుడుతోనే నిప్పురవ్వ పుట్టించే సాధనమది. 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీ, కాయిలు, పాయింట్లు కలిపిన పద్ధతిని కార్లకు తెచ్చాడు. మన బుల్లెట్లలో ఏండ్ల తరబడి నడిచింది ఈ పాయింట్ల పద్ధతే.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడింది. 1960 తర్వాత మైసూరు జావా, ఎస్కార్ట్సు వారి రాజ్‌దూత్ బండ్లు వచ్చాయి. అప్పటి బండ్లకు 6 వోల్టుల కరెంటు. బుల్లెట్టు హెడ్‌లైటు మీద వుండే అమ్మీటరు ముల్లును చూసి, బ్యాటరీకి ఛార్జి ఎక్కుతున్నదో లేదో తెలిసినవాడు చెప్పేవాడు. పాయింట్లు నల్లబడితే సన్నని ఆకురాయితో రుద్ది, సందును సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లకు సరిచేసుకొనేవాడు. బండి సగం మరమ్మతు యజమాని చేతిలోనే వుండేది.

తర్వాత 12 వోల్టులు వచ్చాయి. ఇందులో మేలున్నది. తుప్పు పట్టిన ఒక జాయింటు దగ్గర 1 వోల్టు పోయిందనుకోండి. 6 వోల్టుల బండికి అది ఆరవ వంతు నష్టం, 12 వోల్టుల బండికి పన్నెండవ వంతే. పాత బండ్ల లైటు దీపపు బుడ్డిలా మిణుకుమనడానికి యిదొక కారణం. 1985లో హీరో హోండా సి.డి.100 వచ్చింది. అందులో పాయింట్లు లేవు. ఆ పని చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె చేసింది. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు వచ్చింది. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.6 నిబంధన రావడంతో చాలా బండ్లలో కార్బురేటరు పోయి, పెట్రోలు చిమ్మే ఇంజక్షను పద్ధతి వచ్చింది. పంపు, కంప్యూటరు పెట్టె రెండూ కరెంటుతోనే నడుస్తాయి గనుక, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే అట్టి బండి తోసినా కదలకపోవచ్చు.

బండి ఇంతగా మారినా కరెంటు గుణం మారలేదు. సుంకేసుల దగ్గర నుంచి కె.సి. కాలువలో నీళ్లు వదిలినా, మధ్యలో గండి పడితే మన కయ్యకు రావు; తూము పూడినా రావు. కరెంటుకూ అంతే. వైరు ఒరుసుకొని ఇనుమును తాకితే గండి. జాయింటు తుప్పుపట్టితే పూడిక. ఒక్క తేడా ఏమంటే, కరెంటు మళ్లీ బ్యాటరీకి తిరిగి రావాలి. అందుకే ఎర్తు వైరు వదులైతే మంచి బ్యాటరీ వున్నా పని జరగదు.

బండి ఆగినప్పుడు వరుసగా చూడండి. తాళం తిప్పినా లైటు, హారను రెండూ లేకపోతే బ్యాటరీ బిరడాలు, ఫ్యూజు చూడాలి. హారను నీరసంగా మోగి, స్టార్టరు టక్‌టక్‌మంటే బ్యాటరీ దిగిపోయింది, లేక బిరడా వదులైంది. స్టార్టరు బాగా తిరిగీ ఇంజను అందుకోకపోతే ముందుగా ఎర్ర స్విచ్చి, సైడు స్టాండు, తర్వాత ప్లగ్గు టోపీ చూడండి. ఇంజక్షను బండి అయితే తాళం తిప్పగానే పంపు సన్నగా గుయ్యిమంటుందేమో వినండి. ఫ్యూజు పదే పదే పోతుంటే హ్యాండిలు మెడ దగ్గర, సీటు కింద వైరు ఒరుసుకొన్నదేమో వెతకాలి. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టరాదు. వైర్లు కాలి, బండే అంటుకోవచ్చు.

ఇంజను ఆపి కొంతసేపు వుంచిన 12 వోల్టుల సీసపు బ్యాటరీ నిండుగా వుంటే సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను వేగంగా నడిచేటప్పుడు 13.5 నుంచి 14.5 దాకా రావాలి. రాకపోతే బ్యాటరీ మార్చేముందు ఛార్జింగు సంగతి చూపించండి. మూతలు తీసే బ్యాటరీకి డిస్టిల్డు వాటరు మాత్రమే పోయాలి. బోరునీళ్లు, యాసిడ్ పనికిరావు. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి.

మన సేద్యగాండ్లకు మరొక మాట. ఎరువు దుమ్ము తేమను పీల్చి రాగి వైర్లను తినివేస్తుంది. మూటలు మోసిన రోజు బండిని తడిగుడ్డతో తుడవండి. కనెక్టర్ల మీద నేరుగా నీటిధార కొట్టవద్దు. మందు కొట్టే స్ప్రేయరు బ్యాటరీని బండి వైర్లకు తగిలించి ఛార్జి చేయవద్దు. దాని ఛార్జరు దానికే వుండాలి. పనిలేని నెలల్లో వారానికొకసారి బండిని కొంతదూరం నడపండి, లేదా ఛార్జరుతో బ్యాటరీని నింపండి. ఎలుకలు వైరు కొరకకుండా, గింజల బస్తాల పక్కన బండి నిలపవద్దు.

లోపలి పెట్టెను విప్పి బాగుచేయడం యిప్పుడు మన చేతిలో లేదు. కాని బిరడా, ఫ్యూజు, ఎర్తు, ప్లగ్గు నేటికీ మన చేతిలోనివే. విత్తనం వేసే ముందు గొర్రు బిగువు చూసుకొన్నట్లే, కారుకు ముందు ఈ నాలుగూ చూసుకొంటే అదనుకు బండి అక్కరకు వస్తుంది.