మిణుగురులు పోయాయి, బొద్దింకలు మాత్రం ఎందుకు పోలేదు?

ఈ రోజు ఎపిసోడ్ కాస్త వేరు. రాజులు, కోటలు ఏమీ లేవు. యుద్ధం మాత్రం ఉంది. అవతలి పక్షం మన సింక్ కింద కాపురం ఉంటుంది, అంతే తేడా.

ఇది ఎలా మొదలైందో ముందు చెప్తాను. పోయిన నెల మా అక్క పాపని తీసుకుని హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి వచ్చింది. పాపకి ఎనిమిది నెలలు, పాకే వయసు. రాత్రి రెండింటికి పాలు వేడి చేద్దామని అక్క కిచెన్‌లో లైట్ వేసి కెవ్వుమని అరిచింది. వెళ్ళి చూస్తే గట్టు మీద, స్టవ్ కింద, మిక్సీ వెనకాల బొద్దింకలు. లేత గోధుమ రంగులో సన్నగా ఉంటాయే, ఆ చిన్నవి. ఇరవై దాకా లెక్కపెట్టి ఆపేశాను. నాకు రోషం వచ్చింది. స్ప్రే డబ్బా తీసి మొత్తం ఖాళీ చేసేశాను. పొద్దున లేచేసరికి పాప అదే నేల మీద పాకుతూ, చెయ్యి నోట్లో పెట్టుకుని ఉంది. ఆ రోజంతా దగ్గుతూనే ఉంటే సాయంత్రం డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. అదృష్టం, రెండు రోజుల్లో తగ్గిపోయింది. అక్క మాత్రం ఆ రెండు రోజులూ నాతో మాట్లాడలేదు.

ఇంత చేస్తే, పది రోజుల్లో బొద్దింకలు మళ్ళీ వచ్చేశాయి.

ఇదంతా ఫోన్‌లో అమ్మమ్మకి చెప్తే ఆవిడ నవ్వింది. "మా చిన్నప్పుడు నల్లులు కూడా ఇంతేరా అబ్బాయ్. డీడీటీ వాళ్ళు వచ్చిపోయినాక మొదట్లో బాగానే ఉండె. రాను రాను వాటికి ఆ మందే కూడయింది" అంది. ఈ మాట నన్ను పట్టుకుంది. అమ్మమ్మది పల్నాడు వైపు ఊరు. ఇప్పుడు ఎనభై దాటాయి. అప్పుడు ఏం జరిగిందో చదవడం మొదలుపెడితే, అది మన సికింద్రాబాద్ దాకా వెళ్ళింది.

1897 ఆగస్టు 20. బేగంపేటలో, పాత ఎయిర్‌పోర్ట్ దగ్గర ఇప్పటికీ ఉన్న ఒక బంగళా. రొనాల్డ్ రాస్ అనే ఆర్మీ డాక్టర్ ఒక ఆడ దోమ పొట్ట కోసి మైక్రోస్కోప్ కింద చూస్తున్నాడు. అది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగిన దోమ. కుట్టించుకున్నందుకు ఆయనకి దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారట! ఆ దోమ పొట్టలో మలేరియా క్రిమి పెరుగుతూ కనిపించింది. అప్పటిదాకా మలేరియా అంటే చెడు గాలి అనుకునేవాళ్ళు. శత్రువు ఎవరో ఆ రోజు తేలింది. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. కానీ దోమని ఎలా చంపాలి? దానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది.

డీడీటీని 1874లోనే ఒక విద్యార్థి ల్యాబ్‌లో తయారుచేసి పక్కన పెట్టేశాడు. అది దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలీదు. 1939లో స్విట్జర్లాండ్‌లో పాల్ ముల్లర్ అనే కెమిస్ట్ దాన్ని ఒక గాజు పెట్టెలో చల్లి ఈగల్ని వదిలాడు. ఈగలు చచ్చాయి. పెట్టెని కడిగి మళ్ళీ వదిలినా చచ్చాయి. అసలు గుట్టు ఇదే. ఒకసారి గోడకి కొడితే నెలల తరబడి పనిచేస్తుంది. మలేరియా దోమ మనల్ని కుట్టాక కడుపు బరువై గోడ మీద వాలి కాసేపు కూర్చుంటుంది. ఆ గోడే దానికి ఉరికంబం. రెండో ప్రపంచ యుద్ధంలో నేపుల్స్ నగరంలో పేల వల్ల టైఫస్ జ్వరం అంటుకుంటే, పది లక్షల మందికి పైగా డీడీటీ, అలాంటి పేల పొడులు చల్లి ఆపేశారు. 1948లో ముల్లర్‌కి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ఆయన డాక్టర్ కూడా కాదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు దేశ జనాభా దాదాపు 33 కోట్లు. ఏటా మలేరియా వచ్చేవాళ్ళు సుమారు 7.5 కోట్లు అని అంచనా. చనిపోయేవాళ్ళు 8 లక్షలు. అందుకే, డీడీటీని తిట్టడానికే ఈ వీడియో పెట్టానని అనుకోకండి. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై ఊరూరా స్ప్రే చేశారు. 1960ల మధ్యకి కేసులు లక్ష దగ్గరికి పడిపోయాయి. ఏడున్నర కోట్లు ఎక్కడ, లక్ష ఎక్కడ! ఆ రోజుల్లో బతికిపోయిన పిల్లల్లో మా అమ్మమ్మ కూడా ఉండి ఉండొచ్చు. అప్పుడు నేనూ లేను, ఈ ఛానెలూ లేదు.

అమ్మమ్మ చెప్పిన సీన్ వినండి. ఊళ్ళోకి ఖాకీ చొక్కాల వాళ్ళు పంపులు మోసుకుని వచ్చేవాళ్ళు. ముందురోజే దండోరా. ఇంట్లో సామానంతా, గింజల కుండలతో సహా, వాకిట్లో పెట్టాలి. గోడల నిండా తెల్లగా కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి పోయేవాళ్ళు. దోమల సంగతి జనం పెద్దగా పట్టించుకోలేదట. వాళ్ళకి సంబరం ఎందుకంటే నల్లులు చచ్చాయని! నులకమంచాల సందుల్లో నల్లులు ఎంత నరకమో ఇప్పటి మనకి తెలీదు. అంతకుముందు వారానికోసారి మంచాలు ఎండలో వేసి, నేలకేసి కొట్టి, సందుల్లో మరిగే నీళ్ళు పోసేవాళ్ళు. డీడీటీ వచ్చాక ఆ పని తప్పింది. మొదటి ఏడాది స్ప్రే వాళ్ళకి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారట.

కొన్నేళ్ళకి నల్లులు మళ్ళీ వచ్చాయి. పైగా మందు కొట్టిన రాత్రి ఇంకా ఎక్కువగా బయటికి పాకేవి. జనం ఏమనుకున్నారు? "మందులో నీళ్ళు కలుపుతున్నారు, నల్లుల్ని లేపి పోతున్నారు" అని. తలుపులు వేసుకుని, పెద్దవాళ్ళు ఊళ్ళో లేరని చెప్పి పంపేసేవాళ్ళు. ఇది మా అమ్మమ్మ ఊరి కథే కాదు. చాలా దేశాల్లో మలేరియా స్ప్రేని జనం ఇందుకే వద్దన్నారు. దోమ కోసం వచ్చిన మందు నల్లి దగ్గర ఓడిపోయింది.

ఎందుకు ఓడింది? వెయ్యి నల్లుల్లో ఏ రెండు మూడిటికో పుట్టుకతోనే నరాల్లో చిన్న తేడా ఉంటుంది. డీడీటీ వెళ్ళి పట్టుకోవాల్సిన చోట దానికి పట్టు దొరకదు. మిగతావన్నీ చస్తాయి, ఇవి బతుకుతాయి. తర్వాతి తరం మొత్తం వీటి పిల్లలే. అంటే నల్లులకి ఏదో అలవాటు అవడం కాదు, మనమే దగ్గరుండి మొండివాటిని ఏరి పెంచాం. నల్లులు డీడీటీకి లొంగడం లేదని 1947లోనే హవాయిలో కనిపెట్టారు. ఈగల సంగతీ అంతే. ముల్లర్ నోబెల్ అందుకునేసరికే అవతలి పక్షం తేరుకుంది!

ఇక్కడ నాకు కళ్ళు తెరుచుకున్నాయి. ఇప్పుడు మనం వాడే స్ప్రేలు, కాయిల్స్, ప్లగ్‌లో పెట్టే ద్రవాలు చాలా వరకు పైరెథ్రాయిడ్లు. చామంతి కుటుంబంలోని ఒక పువ్వులో ఉండే విషాన్ని చూసి తయారుచేసినవి. డీడీటీకి వీటికి పోలికే లేదు, కానీ రెండూ పురుగు నరంలో ఒకే ద్వారం మీద పనిచేస్తాయి. కాబట్టి డీడీటీ దగ్గర నేర్చిన మొండితనం చాలా పురుగులకి వీటి దగ్గర కూడా పనికొచ్చింది. అమ్మమ్మ కాలంలో నేర్పిన పాఠం, మన కాలంలో పరీక్ష రాసింది.

దోమలు కూడా అదే దారి పట్టాయి. దానికి తోడు డీడీటీ కొరత, ఇంక అయిపోయిందిలే అన్న ధీమా. 1976కి దేశంలో మలేరియా కేసులు మళ్ళీ 64 లక్షలు దాటాయి.

సరే, పొలంలోకి వెళ్దాం. మా తాతయ్య పత్తి రైతు. 1980ల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి అంటే బంగారం. కొత్తగా వచ్చిన పైరెథ్రాయిడ్ మందులు కొడితే పురుగు టపటపా రాలేది. వారం వారం కొట్టారు. 1987లో తెల్లదోమ వచ్చింది. ఆకు అడుగున ఉంటుంది, మందు దానికి సరిగ్గా తగలదు. దాన్ని తినే సాలెపురుగులు, అక్షింతల పురుగులు, చిన్న చిన్న కందిరీగలు మాత్రం ఆకు పైన తిరుగుతూ ముందే చచ్చిపోయాయి. కాపలావాళ్ళని చంపేసి దొంగకి తాళం ఇచ్చినట్టయింది. పంట నల్లబడి పోయింది. ఆ ఏడాది ఆ రెండు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు పేపర్లకెక్కాయి. మా తాతయ్య బతికాడు, నాలుగెకరాలు అమ్మేసి. మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని "ఆ ఏడు" అంటారు, సంవత్సరం చెప్పరు.

పదిహేనేళ్ళ తర్వాత ఖమ్మం జిల్లాలో పునుకుల అనే ఊరు దీనికి ఎదురు తిరిగింది. వేప కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం, చేను చుట్టూ ఎర పంటగా ఆముదం, బంతి. పురుగు మందు పూర్తిగా మానేశామని ఊరంతా ప్రకటించుకుంది. ఆడవాళ్ళు ముందుండి నడిపించారు. దీని మీద విడిగా ఒక ఎపిసోడ్ చేయాలి, ఇక్కడ తొందరగా దాటుతున్నాను.

ఇప్పుడు టైటిల్‌లో అడిగిన ప్రశ్న. 2017లో జర్మనీ నుంచి ఒక స్టడీ వచ్చింది. క్రేఫెల్డ్ అనే ఊళ్ళో పురుగుల పిచ్చి ఉన్న కొందరు 27 ఏళ్ళ పాటు 63 రక్షిత ప్రాంతాల్లో ఒకే రకం వలలు కట్టి, పడిన ఎగిరే పురుగుల్ని తూకం వేస్తూ వచ్చారు. తూకం 75 శాతానికి పైగా పడిపోయింది. పొలాల్లో కాదు, రక్షిత ప్రాంతాల్లో! మందులు ఒక్కటే కారణం కాదు. చెరువులు, గట్లు, పిచ్చి మొక్కలు పోవడం, రాత్రంతా వెలిగే లైట్లు, ఎండలు, అన్నీ కలిసి. మిణుగురుల సంగతే చూడండి. మగదీ ఆడదీ చీకట్లో వెలుగు చూసుకుని కలుసుకుంటాయి. వీధంతా ఎల్ఈడీ లైట్లు పెడితే ఎలా కలుస్తాయి?

అమ్మమ్మని అడిగితే మిణుగురులు సరే, ఆరుద్ర పురుగులు ఏవిరా అంది. తొలకరికి ఎర్రటి మఖమల్ బొత్తాల్లా నేల మీద పాకేవి, మీలో ఎంతమంది చూశారో. నిజానికి అవి పురుగులు కావు, ఎనిమిది కాళ్ళు, సాలీడు చుట్టాలు. అమ్మమ్మతో ఆ విషయం అనలేదు.

మరి బొద్దింక? దాన్ని ఇంగ్లీషులో జర్మన్ బొద్దింక అంటారు. 1767లో లిన్నేయస్ పెట్టిన పేరు. రష్యా వాళ్ళేమో దాన్ని ప్రష్యా వాడు అంటారు. ఎవరికి వారు పక్కింటి వాడి మీద తోసేశారు. 2024లో జన్యువులు పరీక్షించి చూస్తే అది బంగాళాఖాతం ప్రాంతంలో, అంటే ఇండియా లేదా మయన్మార్‌లో, సుమారు 2100 ఏళ్ళ క్రితం పుట్టిందని తేలింది. మన శాతవాహనుల కాలం! పొలాల్లో తిరిగే ఒక ఆసియా బొద్దింక నుంచి విడిపోయి మనిషి ఇంట్లో చేరింది. ఇప్పుడు అది అడవిలో ఎక్కడా బతకదు. మనం ఉన్నచోటే ఉంటుంది. మిణుగురుకి చెరువు గట్టు కావాలి, తేనెటీగకి పూలు కావాలి. దీనికి మన గ్యాస్ స్టవ్ వెనక పడ్డ ఉప్మా చాలు. మనం ఎంత పెరిగితే అది అంత పెరుగుతుంది.

తెలివి కూడా తక్కువది కాదు. 1980ల్లో తీపి కలిపిన విషపు ఎరలు వచ్చాయి. కొన్నేళ్ళకి అమెరికాలో ఫ్లోరిడాలోని బొద్దింకలు ఆ ఎరని ముట్టడం మానేశాయి. విషానికి తట్టుకోవడం కాదు, వాటి నాలుకే మారింది. గ్లూకోజ్ వాటికి చేదుగా తగిలేది! అప్పుడు కంపెనీలే ఎరల్లో తీపి మార్చుకోవాల్సి వచ్చింది.

ఇంత చదివాక నేను ఇంట్లో ఏం చేశానంటే, ముందు స్ప్రే బయట పెట్టాను. సింక్ కింద కారే పైపు బాగు చేయించాను, ఎందుకంటే బొద్దింక తిండి లేకుండా వారాలు ఉంటుంది గానీ నీళ్ళు లేకుండా ఉండలేదు. గట్టుకీ గోడకీ మధ్య సందుల్లో వైట్ సిమెంట్ పెట్టాను. అరల కీళ్ళ దగ్గర, ఫ్రిజ్ మోటార్ వెనక, పాపకి అందని చోట జెల్ చుక్కలు పెట్టాను. జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టకూడదు, కొడితే అవి జెల్ దగ్గరికే రావు. నేను ఏడాదిగా రెండూ కలిపి చేస్తున్నాను, తెలివితక్కువ పని. మూడు నెలలకి వేరే మందు ఉన్న జెల్‌కి మారాలని రాసి పెట్టుకున్నాను. రాత్రి ఎంగిలి గిన్నెలు ఉంచట్లేదు. అదే అన్నిటికన్నా కష్టంగా ఉంది. దోమలకైతే బాల్కనీలో కుండీల కింద పళ్ళాలు, కూలర్ నీళ్ళు వారానికోసారి పారబోస్తున్నాను. దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి.

నల్లుల గురించి చాలామంది హాస్టల్ వాళ్ళు మెసేజ్ పెడుతుంటారు. మీకు అమ్మమ్మ మరిగే నీళ్ళే సమాధానం. 50 డిగ్రీల పైన వేడి కాసేపు తగిలితే నల్లి గుడ్లతో సహా చస్తుంది. దుప్పట్లు, బట్టలు వేడి నీళ్ళలో ఉతకండి, మంచం సందుల్లో మరిగే నీళ్ళు పోయండి. డీడీటీ వచ్చాక మానేసిన పని అదే కదా.

అక్క మళ్ళీ వచ్చే నెల వస్తానంది, కిచెన్ చూశాకే పాపని దింపుతుందట. నిన్న రాత్రి రెండింటికి లేచి లైట్ వేసి చూశాను. రెండు కనిపించాయి. ఒకటి సింక్ కిందకి, ఒకటి ఫ్రిజ్ వెనక్కి పోయింది.

మీ ఇంట్లో ఎనభై దాటిన వాళ్ళు ఉంటే ఫోన్ చేసి అడగండి, డీడీటీ వాళ్ళు వచ్చిన రోజు ఏం జరిగిందని. వాళ్ళు చెప్పింది కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఉంటానండీ.